పొయ్యి లేని ఇల్లు, పోగు తెంపిన పన్ను

మానవజాతికి జరిగిన మొదటి అన్యాయం నిప్పు కనిపెట్టడం!

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. డెబ్బై ఎనిమిది రోజులుగా నా కంచంలో ఉడికిన మెతుకు పడలేదు. మా ఇంట్లో పోపు గింజ చిటపటమన్నది లేదు. దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో ఇంత ప్రశాంతమైన వంటగది మీకు దొరకదు. మా వంటగది వదిలి బల్లులు కూడా వెళ్లిపోయాయి. వాటికీ ఇన్నాళ్లూ ఏదో ఆశ ఉండేది కాబోలు.

మీరింకా వండుకుంటున్నారా? అయ్యో! మీ మీద నాకు జాలిగా ఉంది.

మాకు ఈ జ్ఞానోదయం ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నా కొడుకు శ్రవణ్‌కుమార్, కోడలు మాలతి నన్ను వెంటబెట్టుకుని పోయారు. నాకు కొంచెం షుగర్ ఉంది. అది తగ్గాలని వాళ్ల తాపత్రయం. అందులో అబద్ధం లేదు, ముందే చెబుతున్నాను.

స్టేజీ మీద తెల్ల లాల్చీ సార్ ఒకాయన మైకు పట్టుకుని, "ఆవు వండుకుని తింటుందా? ఏనుగు కుక్కర్ పెడుతుందా? వాటికి షుగర్ ఉందా, బీపీ ఉందా?" అని అడిగాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆవు కడుపులో నాలుగు గదులుంటాయట. మాకున్నది రెండు గదుల ఫ్లాటు, అందులో ఒకటి మా వాడి దుకాణం చీరల స్టాకుకే పోయింది. అయినా సార్ అంత గట్టిగా చెబుతుంటే ఆవుతో పోటీ పడాలనిపించింది.

ఇంటికి రాగానే మాలతి స్టవ్వు శుభ్రంగా తుడిచి, బొట్టు పెట్టి, సిలిండర్‌తో సహా తన చెల్లెలు వాసంతికి పంపించేసింది.

"ఇంట్ల ఉంటే మనసు గుంజుతది అత్తమ్మా" అన్నది.

నిజమే. వాసంతి ఉండేది మలక్‌పేటలో. నా మనసు ఇప్పుడు మలక్‌పేట దాకా గుంజుతోంది.

పచ్చి తిండి వల్ల మొదటి లాభం దవడలకు వ్యాయామం. జిమ్ముకు పోయేవాళ్లు చేతులకు, కాళ్లకు చేస్తారు. దవడలను పట్టించుకున్న నాథుడున్నాడా?

"ఒక్కో ముద్ద ముప్పై రెండుసార్లు నమలాలె అమ్మా" అన్నాడు మా వాడు.

"నోట్ల ఉన్నయే పంతొమ్మిది పండ్లు బిడ్డా. ముప్పై రెండింటి పని గవి ఎట్ల చేస్తయ్?"

"ఓవర్‌టైమ్ చేస్తయ్ తియ్!"

చేస్తున్నాయి. మొన్న ఒక టీవీ సీరియల్ మొదలైనప్పుడు ఒక బీట్‌రూట్ ముక్క నోట్లో వేసుకున్నాను. ఆ సీరియల్ అయిపోయేసరికి అందులో అత్తాకోడళ్లు కూడా రాజీ పడ్డారు. నా బీట్‌రూట్ మాత్రం పడలేదు.

రెండో లాభం రుచుల వైవిధ్యం. క్యారెట్ తురుముకు ఉప్మా అని పేరు. క్యాబేజీ తురుముకు బిర్యానీ అని పేరు. పాపం, ఆ సంగతి క్యాబేజీకి కూడా తెలియదు. ఇక నిమ్మరసం! పొద్దున లేవగానే నిమ్మరసం, టిఫిన్ ముందు నిమ్మరసం, ఆకలేస్తే నిమ్మరసం, ఆకలి చచ్చిపోతే మళ్లీ నిమ్మరసం. మా వాడైతే దుకాణానికి సీసా నిండా తీసుకుపోయి దినమంతా చప్పరిస్తూనే ఉంటాడు. నా గ్లాసు సంగతి మీకు మాత్రమే చెబుతాను. అది బాల్కనీలో మనీప్లాంటుకు పోసేదాన్ని. ఆ మొక్క ఏమైందని అడక్కండి. మా అందరికంటే ముందు అదే ముక్తి పొందింది.

ఆరోగ్యం సంగతా? అడగండి!

మా వాడు ఎంత చిక్కిపోయాడంటే, దుకాణానికి వచ్చినవాళ్లు చీరల ధర అడగడం మానేసి ఏ దవాఖానలో చూపిస్తున్నారని అడుగుతున్నారు. మాలతి జుట్టు దువ్వెనకు వస్తోంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా శాలువా కప్పుకుంటోంది. ఆ సార్ పెట్టిన వాట్సాప్ గ్రూపులో అడిగితే, ఒంట్లోని విషం బయటికి పోతోందని చెప్పారు. కళ్లు తిరిగితే విషం పోతున్నట్టు. తల పగిలిపోతుంటే ఇంకొంచెం పోతున్నట్టు. ఇంత విషం లోపల పెట్టుకుని నేను అరవై ఏడేళ్లు ఎలా బతికానో, తలచుకుంటేనే భయమేస్తోంది! నా షుగరా? పూటకో పండు పుణ్యమా అని అది బాగా హుషారుగా ఉంది. పైకి ఎక్కింది. వెళ్లిపోయే ముందు అలాగే హడావిడి చేస్తుందని గ్రూపులో ఓదార్చారు.

పక్క ఫ్లాటులో కృష్ణకుమారి అని గుంటూరు వైపు ఆవిడ ఉంటుంది. ఒకరోజు బాల్కనీలోంచి, "పిన్నిగారూ, మీ ఇంట్లోంచి అసలు తాలింపు వాసనే రావట్లేదేంటండీ? ఊరెళ్లారేమో అనుకున్నానండీ!" అన్నది.

ఏమని చెప్పను? పదకొండున్నరకు ఆవిడ చారుకు పోపు పెట్టే వేళకు నాకు బాల్కనీలో బట్టలారేసే పని పడుతుంది. ఈ మధ్య ఒకే తువ్వాలును నాలుగుసార్లు ఆరేశాను.

నడుమ పెద్దలకు పెట్టుకునే పెత్తర అమాస వచ్చింది. మా ఆయన మారయ్య పోయి తొమ్మిదేళ్లయింది. ఏటా ఆ రోజు ఆయన ఫొటో ముందు పప్పు, గారెలు, చింతపండు పులుసు, ఇంత మాంసం కూర పెడతాం. ఈసారి కీరా ముక్కలు, మొలకెత్తిన పెసలు, సగం కోసిన బత్తాయి పెట్టారు. ఫొటోలో ఆయన ముఖం కొంచెం మారినట్టనిపించింది. ఆనవాయితీ ప్రకారం ఆయన పేరు మీద గుడి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు సంచిలో పోసి ఇచ్చాం. ఆ సంచి మెట్లు దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. మా ఇంటి సరుకే, మేం తినే పచ్చి సరుకే. కానీ ఆయనింట్లో పొయ్యి ఉంది! ఒక అయ్యగారి మీద నాకు ఈర్ష్య పుట్టడం అదే మొదటిసారి.

ఇంతలో గొప్ప సంఘటన జరిగింది.

మాది పోచంపల్లి. మగ్గం దగ్గర పెరిగినవాళ్లకు కత్తెర పక్కనే ఉన్నా కంటికి ఆనదు. పోగు అడ్డం వచ్చిందంటే నోటికి పోవాల్సిందే, పంటితో తెంపాల్సిందే. నా ముందు పంటికి పోగు కోసిన గాడి ఇప్పటికీ ఉంది. మా ఆయనకూ ఉండేది. నా కొడుకు మగ్గం వదిలి దుకాణం గద్దె ఎక్కి పదిహేనేళ్లయినా ఈ అలవాటు మాత్రం వదల్లేదు.

పోయిన వారం పెళ్లి చీరలకని వచ్చిన ఆడవాళ్ల ముందు ఒక పట్టుచీర పరిచాడు. కొంగు చివర ఒక పోగు వేలాడుతోంది. మాట్లాడుతూనే అలవాటుగా పంటికి పెట్టాడు. టక్కుమంది. పోగు అలాగే ఉంది. పన్ను విరిగి చీర మడతలో పడింది!

అందరూ నోళ్లు తెరిచి చూస్తుంటే, వాళ్లలో ఒక పెద్దామె ఆ ముక్కను వేలితో తీసి, "ఏందన్నా, గిది చీరెతోనే ఇస్తరా?" అన్నదట.

వీధి చివర పంటి డాక్టరమ్మ అరుణజ్యోతి దగ్గరికి పరుగెత్తాం. మా వాడు నోరు తెరిచే ముందు రొమ్ము విరుచుకుని, ఎన్ని రోజులుగా నిప్పు ముట్టలేదో చెప్పాడు. ఆమె లైటు వేసి చూసింది.

"నిమ్మరసం ఎన్నిసార్లు తాగుతున్నారు?"

"దినమంతా మేడం. సీసా పక్కనే ఉంటది."

"పులుపు అట్ల పొద్దంతా తగులుతుంటే పంటి మీది గట్టి పొర కరిగిపోతుంది. అన్ని దంతాలూ అరిగినయ్ మీకు. పాపం, దారం తప్పేం లేదు."

ఎలాగూ వచ్చాను కదా అని నేనూ నోరు తెరిచాను. "అమ్మా, మీవి మాత్రం భలే గట్టిగున్నయ్!" అని మెచ్చుకుంది. మనీప్లాంటును మనసులో తలచుకుని దండం పెట్టాను.

పంటికి చేయాల్సింది చేసి, ఆమె ఒక కాగితం రాసిచ్చింది. నిమ్మరసం బందు. రెండు వారాలు మెత్తగా ఉడికించిన తిండే తినాలి. పప్పన్నం, రాగి జావ, గోరువెచ్చగా.

నేను ఆ కాగితాన్ని దారిలో మూడుసార్లు చదివాను. ఎంత చక్కటి అక్షరాలు!

మాలతి ఆ సాయంత్రమే కృష్ణకుమారి దగ్గర చిన్న కరెంటు కుక్కర్ అడిగి తెచ్చింది. ఒక్క మనిషికి సరిపడేది. అరగంటలో ఇల్లంతా పప్పన్నం వాసన. మూత తీసి మాలతి ఆ ఆవిరిలో ముఖం పెట్టి కొంచెం ఎక్కువసేపే నిలబడింది. జలుబుకు మంచిదట. నేను కంచం తుడుచుకుని కూర్చున్నాను.

"మాలతీ, జర నాకూ ఇంత పెట్టు బిడ్డా."

"అయ్యో అత్తమ్మా, గది మందు! డాక్టరమ్మ ఆయనకే రాసింది. ఇన్ని దినాలు కష్టపడి ఇప్పుడు పాడు చేసుకుంటరా? జర ఓపిక పట్టుండ్రి" అంటూ ఎంతో ప్రేమగా నా కంచంలో మొలకెత్తిన పెసలు పోసింది. పైన ఇంత కొబ్బరి కూడా తురిమింది.

మా వాడు తల వంచుకుని తిన్నాడు. నమిలే పని కూడా లేదు వాడికి.

చూశారా పచ్చి తిండి మహిమ! ఇన్ని రోజులు నేను నోరు తెరిచి అడిగితే దొరకని అన్నం, ఒక్క పన్ను విరిగితే వెతుక్కుంటూ వచ్చింది. కాబట్టి నేను కూడా ఈ మార్గంలోకి మనస్ఫూర్తిగా దిగాను. నిమ్మరసం ఇప్పుడు కుండీలో పోయడం లేదు. రెండో గ్లాసు అడిగి మరీ తాగుతున్నాను. నోట్లో పోసుకుని చాలాసేపు పుక్కిటపట్టి ఉంచుతున్నాను. మాలతి ఎంత మురిసిపోతోందో! అత్తమ్మ మారిపోయిందని నా ఫొటో గ్రూపులో పెట్టింది.

పదకొండున్నరకు బాల్కనీలో కూర్చుంటాను. ఇప్పుడు తువ్వాలు ఆరేయడం లేదు, చేతిలో పోగు ఉంటుంది. సోమవారం పట్టు పోగు పంటికి పెట్టాను, తెగింది. మంగళవారం జరీ పోగు, అదీ తెగింది. నిన్న చీరల మూటకు కట్టిన పురికొస కూడా తెగింది. పన్ను మాత్రం రాయిలా అలాగే ఉంది, పాడుది!

డాక్టరమ్మ రాసిన కాగితం నా దిండు కింద భద్రంగా ఉంది. అందులో పేరు ఒక్కటి మారితే చాలు. పాఠకులారా, మీ ఇంట్లో ఇంతకంటే గట్టి దారం ఏదైనా ఉంటే దయచేసి పంపించండి. అన్నం చల్లారకముందే.