ఎర్రకారు ఊపిరి

ఆ శనివారం లిఫ్టుల ఇంజినీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వంటింట్లో ఉండగానే మెకానిక్‌కి ఫోన్ చేయాలి. టిఫిన్ తిని, ఎక్కడో లిఫ్టు ఇరుక్కుందట అని చెప్పి బయటపడాలి. తన ఎర్ర స్పోర్ట్స్ కారుకి, ఇంజన్‌లోకి గాలి ఊదే టర్బో కొత్తది ఎంచుకుని, ఏమీ ఎరగనట్టు భోజనం వేళకి తిరిగి రావాలి. వారమంతా లిఫ్టులు మెల్లగా, కుదుపు లేకుండా నడుస్తున్నాయని సంతకాలు పెట్టే మనిషికి జీవితంలో వేగం అనేది ఆ కారొక్కటే.

చిక్కల్లా భార్యకిచ్చిన మాటతోనే. కిందటేడు ఆయన కారుకి కొత్త సైలెన్సర్ బిగిస్తే, ఆ చప్పుడుకి వీధిలోని చంటిపిల్లలందరూ ఒకేసారి నిద్రలేచారు. వాళ్ళ తల్లులు ఆ పిల్లల్ని చంకనేసుకుని గుమ్మం ముందుకొచ్చారు. ఇక దీనికి ఒక్క మేకు కూడా కొట్టించనని ఆయన ఆ రోజే ఒట్టేశాడు. భార్య ఫిజియోథెరపిస్టు. ఆ కారు ఎక్కి దిగేవాళ్ళు నాలుగు రోజుల్లో తన దగ్గరికి నడుంనొప్పితో వస్తారని ఆవిడ అభిప్రాయం.

ఇంజన్ చప్పుడు వినగానే దాని జబ్బు చెప్పేస్తాడని ఆ మెకానిక్‌ని అందరూ 'డాక్టరు' అని పిలిచేవారు. ఇంజినీరు ఫోన్లో కూడా అతని పేరు అదే. బాల్కనీలో ఓ మూలకి వెళ్ళి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, ఊపిరి బొత్తిగా అందట్లేదండీ. ఎత్తు ఎక్కేటప్పుడు మరీను. ఆఁ, ఈలలాంటి చప్పుడు కూడా వస్తోంది. పాతది తీసేసి కొత్తది పెట్టేద్దాం. చిన్నదా పెద్దదా అన్నది మీరే తేల్చాలి. లేదండీ, ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడ తట్టుకోలేదు."

కిటికీ ఇవతల దుప్పట్లు మడతపెడుతున్న అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయిన మనిషి. ఊపిరి, ఎత్తు, ఈల అనే మాటలు వినగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి. తిన్నగా వంటింట్లోకి నడిచింది.

"అమ్మడూ, నువ్వు కంగారుపడకు," అంది. ఆ మాటతో కూతురికి సగం కంగారు పుట్టింది. "అల్లుడుగారికి ఊపిరితిత్తి మారుస్తారట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు, డాక్టరుతో ఆయనే అంటుంటే విన్నాను. నువ్వు తట్టుకోలేవని దాస్తున్నాడు, పిచ్చి మనిషి."

కూతురు స్టవ్ ఆపేసింది. "మొన్న నడకకి రమ్మంటే ఆయాసం అన్నారమ్మా. నేను బద్ధకం అనుకున్నాను." తమ్ముడికి ఫోన్ చేసి ఎలాగో నాలుగు ముక్కలు చెప్పింది.

ఇంజినీరు గడ్డం గీసుకోవడానికి వెళ్ళినప్పుడు బల్ల మీది ఫోన్ మోగింది. 'డాక్టరు' అని కనబడగానే అత్తగారు ఎత్తింది.

"సారు ఇంట్లోవాళ్ళా అమ్మా? రెండు రకాలూ తీసిపెట్టానని చెప్పండి. పెద్దది పెట్టాలంటే మాత్రం ఒక్కదానితో పోదు. పాత పంపు ఆ ఒత్తిడికి ఆగదు, అదీ మార్చాలి. గొట్టాలు కూడా."

అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "పంపు కూడానా బాబూ? ఆ తర్వాత మామూలుగా తిరగొచ్చా?"

"తిరగడమేంటమ్మా, ఇక పరుగే. వచ్చేముందు మాత్రం ఏమీ పోయొద్దనండి. ఖాళీగా ఉంటేనే పంపు తీయడం సులువు."

"ఆ సంగతి నాకు తెలుసులే. నేనూ ఈ పనిలోనే తలపండిన దాన్ని. ఎన్ని తెరుస్తుంటే చూశానో."

"మీరూ ఈ లైనేనా? సంతోషమమ్మా. రైలు గేటు దాటగానే నీలం రేకుల తలుపు, అదే మన చోటు."

ఇంజినీరు వచ్చి బల్ల ముందు కూర్చునేసరికి వీపు వెనక దిండు ఉంది, ముందు పళ్ళెం లేదు. "ఈ పూట ఏమీ తినకూడదు," అంది భార్య. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎందుకని అడిగితే ఉల్లిపాయలంది. ఇల్లంతా వెతికినా ఒక్క ఉల్లిపాయ తరిగిన జాడ లేదు.

ఈలోగా ఫర్నిచర్ కొట్టు వదిలేసి బావమరిది ట్రాలీ ఆటోలో దిగాడు. బావని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"బావా, నాకంతా తెలిసింది."

ఇంజినీరు తలుపు వంక చూశాడు. "మీ అక్కకీ?"

"తెలుసు. ఏమీ అనదులే. కొత్తదాని కోసం నువ్వు ఎక్కడెక్కడో వెతకొద్దు. నా దగ్గర రెండున్నాయి, ఒకటి తీసుకో."

ట్రాలీ ఆటో తప్ప మరొకటి ఎరగని వాడి దగ్గర టర్బోలు రెండుండడం ఇంజినీరుకి అంతుబట్టలేదు. "కొత్తవేనా?"

"కొత్తవెక్కడివి, వాడుతున్నవే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ."

ఇంజినీరు మంచం మీద కూలబడ్డాడు. "ఏవిరా అవి?"

బావమరిది కళ్ళొత్తుకుని, ఛాతీకి అటొకసారి ఇటొకసారి చూపుడువేలు ఆనించాడు.

అప్పుడే నిజం చెప్పేయాలని ఇంజినీరు తలుపు తీశాడు. ఎదురుగా భార్య. ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "నా దగ్గర దాచారని నాకు కోపం లేదండీ. మీరు బాగైతే చాలు," అంది. ఆ మాట అన్న మనిషితో, సంగతి టర్బో గురించని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

"అసలు ఏమైందంటే..."

"మాట్లాడకండి. ఆయాసం వస్తుంది."

ఆయన మరో రెండుసార్లు నోరు తెరిచాడు. ఒకసారి అత్తగారు నాడి చూసింది, ఒకసారి బావమరిది విసనకర్ర తెచ్చాడు. ట్రాలీ ఆటో కుదుపులు పనికిరావు, భార్య స్కూటరు మీద నలుగురూ పట్టరు. చివరికి భార్య ఎర్రకారు తాళాలు తీసుకుంది. అత్తగారూ బావమరిదీ వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నారు. రోగిని ముందు సీట్లో వెనక్కి వాల్చి పడుకోబెట్టారు.

వంతెన ఎక్కేచోట వెనక నీళ్ళ ట్యాంకరు హారన్ మీద హారన్. భార్య కాలు అదిమింది. కారు సన్నగా ఈల వేసింది గాని ముందుకి పోలేదు.

"ఏంటిది, తొక్కుతుంటే కదలదేం?"

"దానికి గాలి చాలట్లేదు," అన్నాడు ఇంజినీరు, ఇదే అదనుగా.

"పాపం, తన బాధ కారుకి కూడా ఉందనుకుంటున్నాడు," అంది అత్తగారు వెనకనుంచి.

అంతలో ఏ బుద్ధి పుట్టిందో కారు ఒక్క ఉరుకు ఉరికింది. ట్యాంకరు అద్దంలో అగ్గిపెట్టెంత అయిపోయింది. బావమరిది అమ్మని పట్టుకున్నాడు. భార్య ముఖంలో భయం రావలసిన చోట మరేదో వచ్చి పోయింది. అది ఇంజినీరు ఒక్కడే చూశాడు.

నీలం రేకుల తలుపు ముందు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. "పేషెంటుని లోపలికి తోలండి," అని కారు బానెట్ ఎత్తాడు.

అత్తగారు నేలమీది నల్లటి ఆయిల్ మడుగు చూసింది. "ఆపరేషన్ ఇక్కడా?"

"ఏమ్మా, మీ షెడ్డు ఇంతకన్నా పెద్దదా?" అన్నాడు మెకానిక్ వినయంగా.

అత్తగారు కారునీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూసింది. ముందుగా తేరుకున్నది బావమరిది. "అంటే నాది అక్కర్లేదా?" అని పాత టైరు మీద కూర్చుని, రెండు ఊపిరితిత్తులతోనూ హాయిగా గాలి పీల్చాడు.

"ఊపిరి అందనిది దీనికా?" అంది భార్య.

ఇంజినీరు తలూపాడు.

"పొద్దున్నించీ నేనేం ఆలోచించానో తెలుసా? ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఎలా ఉండాలా అని."

ఆయన తల ఎత్తలేకపోయాడు. "దీన్ని ఇక్కడే వదిలేద్దాం. నాకు టర్బో వద్దు, కారూ వద్దు," అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి, అలాంటివి అలవాటు లేని మెకానిక్ ఏంచేయాలో తోచక, తనకు తెలిసిన ఓదార్పు మొదలుపెట్టాడు. నత్తగుల్లల్లాంటి టర్బోలు రెండు తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఈ పెద్దది ఆలస్యంగా కోపమొచ్చే మనిషమ్మా. తొక్కాక కాసేపు ఉలకదు, పలకదు. తర్వాత ఒక్కసారిగా మీదపడుతుంది. ఖాళీ రోడ్డుంటే దీనికి తిరుగులేదు. ఈ చిన్నది పిలవగానే పలుకుతుంది. అంత దుమ్ము లేపదు గాని, సిగ్నళ్ళున్న ఊళ్ళో ఇదే సుఖం."

"నాకైతే పెద్దదే..." అని అలవాటుకొద్దీ అనబోయాడు ఇంజినీరు. భార్య అటు తిరిగి చూసింది.

"వంతెన మీద లారీ వెంటపడితే?" అని అడిగింది మెకానిక్‌ని.

"చిన్నదే. వాడు రెండో హారన్ కొట్టేలోపు మీరు అవతల దిగిపోతారు. పాత పెట్రోలు పంపు కూడా సరిపోతుంది."

ఆవిడ చిన్నదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, రోగి మోకాలు పరీక్షించినట్టు లోపలి చక్రాన్ని వేలితో తిప్పి చూసింది. "ఇది బిగించండి."

ఇంజినీరు ముఖం విప్పారింది. "అయితే నన్ను క్షమించేసినట్టేనా?"

"లేదు. ఇవాళ్టినుంచి కారు నాది. మీరు నా స్కూటరు తీసుకోండి."

వారం తిరిగేసరికి కారు ఇంటికొచ్చింది. సాయంత్రం ఆవిడ పాలు తెస్తానని తాళాలు తీసుకుంది. పాలకొట్టు వీధి చివరే. ఆవిడ మాత్రం వీధిదీపాలు వెలిగాక వచ్చింది, జుట్టంతా రేగిపోయి, బుగ్గలు ఎర్రబడి. గేటు దగ్గర నిలబడ్డ భర్తతో కారు ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పలేదు.

"పాలేవే?" అంది తల్లి.

"మర్చిపోయానమ్మా. మళ్ళీ వెళ్ళొస్తా," అని ఆవిడ కారు వెనక్కి తిప్పింది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ కాఫీ తాగలేదు.