జాగ్రత్తల రాణికి జరిగిన సన్మానం

ఇకమీదట మన కాలనీ పిల్లల మనసుకు ఏ లోటూ రానివ్వకూడదని బాలసాహిత్య ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం చేసిన రోజు అక్కడ పిల్లలెవరూ లేరు. గని రక్షణ వారోత్సవాలకు పిల్లలు రాసిన కథల పుస్తకం ఒకటి వేయాలనీ, అందులో మానసిక ఆరోగ్యం మీద ఒక కథైనా ఉండాలనీ, అది చదివి పెద్దల మనసు మాత్రం నొచ్చుకోకూడదనీ అధ్యక్షులు జగదీశ్వర్ గారు సెలవిచ్చారు.

ఆ ఒక్క కథ తొమ్మిదో తరగతి సహస్ర రాసింది.

పాపం, సాహిత్యసేవ చేద్దామని రాయలేదు. ఆ పిల్ల రోజూ పొద్దున గ్యాస్ మూసి ఉందో లేదో ఇరవై ఒక్కసార్లు చూడాలి. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. తర్వాత చేతులు కడగాలి, వేళ్ల సందులు పగిలి మండేదాకా. ఏ ఒక్కటి తప్పినా, మొదటి షిఫ్టుకు బొగ్గుబాయిలోకి దిగిన నాయిన మీద పైకప్పు కూలుతుందని మనసు పోరుపెడుతుంది. ఇంట్లో గ్యాస్‌కూ బాయి పైకప్పుకూ సంబంధం లేదని ఆమెకు తెలుసు. తెలిసినా చెయ్యి ఆగదు, బాధంతా అదే.

ఆరోగ్య శిబిరమని బడికి వచ్చిన డాక్టరమ్మకు మాత్రం ధైర్యం చేసి చెప్పుకుంది. "దీన్ని ఓసీడీ అంటరు బిడ్డా. తగ్గించే పద్ధతులున్నయి. అమ్మనో నాయిననో తోల్కొని దవాఖానకు రా" అన్నదామె.

వచ్చిన చిక్కల్లా ఆ తోల్కపోవడంలోనే. నాయిన సంపత్‌ది బాయిలో పైకప్పును కడ్డీతో కొట్టి, చప్పుడును బట్టి గట్టిదా కాదా చెప్పే పని. కూతురు గోడు విని మురిసిపోయాడు. "ఒకటికి పదిసార్లు చూసుకునుడు మంచిదే గద! నా రక్తం ఏడ వోతది?" అన్నాడు. అమ్మ జమున, పిల్లకు శుభ్రం ఎక్కువని సబ్బులు నాలుగు ఎక్కువ తెచ్చింది. ఇంత ప్రేమగల తల్లిదండ్రులు కాలనీలో ఇంకొకరు లేరు.

అయితే సంపత్‌కు అచ్చులో ఉన్నదంటే మహా గురి. పెండ్లి కార్డైనా సరే, మొదటి అక్షరం నుంచి ప్రెస్సు పేరు దాకా చదివి నమ్ముతాడు. అందుకే సహస్ర కథ రాసింది. కథలో అమ్మాయి పడే బాధంతా రాసి, చివరికి వాళ్ల నాయిన ఆమెను దవాఖానకు తీసుకుపోయాడని రాసింది. డాక్టరు ఇరవై ఒకటిని పదిహేను చేసిందని, పదిహేనును పది చేసిందని, ఇంకా కొంచెం మిగిలే ఉందని రాసి, "అయిపోతలేదు" అని పేరు పెట్టింది.

ఉపసంఘం మూడుసార్లు సమావేశమై కథను బాగుచేసింది. జబ్బు పేరు పిల్లల నోటికి మంచిది కాదని తీసేసి "జాగ్రత్త" అని వేశారు. పగిలిన చేతులు బొమ్మలో అందంగా ఉండవని మాన్పేశారు. బడికి రోజూ ఆలస్యమవుతుందన్న మాట హెడ్మాస్టరు గారికి గుచ్చుకుంటుందని కొట్టేశారు. పిల్లల పుస్తకంలో దవాఖాన అశుభమని, ఆ చోట పెద్ద ఆఫీసరు వచ్చి అమ్మాయి మెడలో దండ వేసినట్టు రాశారు. ఇరవై ఒకటిని మాత్రం ముట్టుకోలేదు, మంచి సంఖ్య కదా. పేరు "జాగ్రత్తల రాణి" అయింది. ఇన్ని మార్పుల తర్వాత కూడా రచయిత్రి పేరు సహస్ర అనే ఉంచడం ఉపసంఘం పెద్దమనసు.

ఆవిష్కరణ నాడు కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. జగదీశ్వర్ గారు గొంతు సవరించుకొని కథంతా చదివారు. "ఈ బాలికను చూసి మన పిల్లలందరూ ఇరవై ఒక్కసార్లు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. అప్పుడే సమాజం సురక్షితం!" అన్నారు. చప్పట్లు మోగాయి. ముందు వరుసలో సంపత్ అందరికంటే గట్టిగా కొట్టాడు. సహస్ర ఆ చేతులకేసి చూసింది. ఇక అచ్చు గూడా అయిపోయింది, ఈయన దాన్ని జన్మంతా నమ్ముతాడు!

మెడల్ వేసి, రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు.

"నాయినా, నేను రాసింది గిది కాదు" అంది సహస్ర. "నువ్వు కడ్డీతోని కొట్టి చూస్తవు, గట్టిగుంటే ముంగటికి పోతవు. నీకు గాడికి అయిపోతది. నాకు అయిపోతలేదు. నన్ను దవాఖానకు తీస్కపో."

జగదీశ్వర్ గారు చటుక్కున మైకు అందుకున్నారు. "చూశారా! పాత్రలో ఎంతగా లీనమైపోయిందో!" అన్నారు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

సంపత్ చేతులు మాత్రం కదల్లేదు. ఇరవై మూడేండ్లుగా చప్పుడులో తేడా వింటున్న మనిషి. లేచి స్టేజీ ఎక్కి, బిడ్డ చేతులు తిప్పి చూశాడు.

"ఎన్నొద్దుల సంది బిడ్డా?"

"రెండేండ్ల సంది."

"అయ్యో, ఒక్కింట్లనే ఉండి నేనేం జూసిన్నే!" అన్నాడు. కండ్లు తుడుచుకున్నాడు. "రేపు డ్యూటీ బంద్. పొద్దుగాల్నే పోదాం, పా."

ఇద్దరూ స్టేజీ దిగి వెళ్లిపోయారు. వాళ్లు సభా మర్యాద పాటించనందుకు ఉపసంఘం విచారం వ్యక్తం చేసి, మినిట్స్‌లో రాసుకుంది. కార్యక్రమానికి ఎలాంటి ఆటంకమూ కలగలేదు. తర్వాతి అంశం ముఖ్య అతిథి భూపాల్ గారి ఉపన్యాసం, "పిల్లల మనసులో మాట వినడం ఎలా?" యాభై నిమిషాలు సాగింది. జనం కదలకుండా విన్నారు, కొందరు రాసుకున్నారు కూడా.

మూడో వరుసలో ఒక చిన్నపిల్ల తల్లి కొంగు పట్టుకొని లాగింది.

"అమ్మా, నాక్కూడా ఆ అక్క లెక్కనే..."

"ష్! ఊకో" అంది తల్లి, కండ్లు వక్త మీది నుంచి తిప్పకుండానే. "పిల్లల గురించి ఎంత మంచిగ చెప్తున్నరు! విననియ్యి."