అధ్యక్షులవారి ఫలహారం

ఏప్రిల్ తొమ్మిదో తేదీ, మంగళవారం. ఆ ఉదయం రద్దీ నివారణ సంఘం అధ్యక్షులవారు రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు తిన్నారు. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం లేకపోలేదు. చాలాకాలం దాకా ఆయన వేళకు తిన్న ఆఖరి ఫలహారం అదే.

అధ్యక్షులవారికి చక్కెర జబ్బు. రోజూ ఏడున్నరకు నర్సమ్మ వచ్చి పొట్టకు సూది వేస్తుంది. ఆ తర్వాతే కంచం ముందు కూర్చోవాలి. సూది తానే వేసుకోవచ్చు కదా అంటారేమో. వేలమంది ముందు మైకు పట్టుకుని గర్జించే ఆ మహానుభావుడికి సూది మొన కనబడితే చాలు, కళ్లు తిరుగుతాయి. అందుకే నర్సమ్మ రోజూ "అటు చూడండి బాబాయ్‌గారూ, పిట్ట" అనేది. ఆయన కిటికీ వైపు చూసేవారు. ఆరేళ్లలో ఒక్క పిట్టా కనబడలేదు, ఆయన చూడటమూ మానలేదు. ఇంట్లో మరో మనిషి ఆయన అక్కయ్య. ఆవిడకు చేతులు వణుకుతాయి. నోరు మాత్రం వణకదు.

నర్సమ్మ సైకిలు మీద వచ్చేది. అధ్యక్షులవారి గుమ్మం ముందు నుంచే పోయే పెద్దరోడ్డు అంచున, ఆకుపచ్చ రంగు పూసిన అయిదడుగుల సైకిళ్ల దారి ఉండేది. ఆ దారి పుణ్యమా అని ఆవిడ తొమ్మిది ఇళ్లలో సూదులు వేసి, వేళకు ఆసుపత్రి పనిలోకి వెళ్లగలిగేది. ఆవిడ ఏ దారిన వస్తుందో అధ్యక్షులవారు ఎన్నడూ అడగలేదు. సూర్యుడు ఏ దారిన వస్తాడో ఎవరైనా అడుగుతారా?

ఆ మంగళవారం సాయంత్రమే పురపాలక భవనంలో బహిరంగ చర్చ. విషయం: వాహనముల రద్దీ తగ్గించుటకై సైకిళ్ల దారిని తొలగించుట. సభ అయిదింటికి. మొదలైంది ఆరూ నలభైకి. వక్తలందరూ కార్లలో ఇరుక్కుపోవడమే కారణం. ఆ ఆలస్యాన్నే మొదటి వక్త తిరుగులేని సాక్ష్యంగా చూపించారు. వేళకు వచ్చి కూర్చున్నవాళ్లు పదిహేడు మంది, అందరూ సైకిళ్ల మీద వచ్చినవాళ్లే. పనీపాటా లేనివాళ్లే ఇంత ముందుగా వస్తారని రెండో వక్త సెలవిచ్చారు.

తర్వాత ఇంజనీరుగారు శాస్త్రీయ నివేదిక చదివారు. ఒక గుమాస్తా పన్నెండు గంటలపాటు ఆ దారి పక్కన కుర్చీ వేసుకుని సైకిళ్లు లెక్కపెట్టాడు. మొత్తం రెండు తేలాయి. రెండూ అతనివే, పొద్దున తోసుకొచ్చినదొకటి, సాయంత్రం తోసుకుపోయినదొకటి. పక్క మైదానంలో కొత్త కార్ల ప్రదర్శన జరగడంతో ఆ రోజు దారి నిండా సందర్శకుల కార్లు నిలిపి ఉన్నాయి. సైకిళ్లన్నీ పక్కనున్న రోడ్డు మీద నుంచి పోయాయి. రోడ్డు మీది సైకిళ్లను లెక్కించే అధికారం గుమాస్తాకు లేదు. అతను నిబంధనలు మీరే మనిషి కాడు.

చివరగా అధ్యక్షులవారు లేచారు.

"రోడ్డు ప్రజలది. ప్రజలంటే ఎవరు? గంటల తరబడి ఆగిపోయి అవస్థపడుతున్నవాళ్లు. మరి సైకిలువాడు ఆగుతున్నాడా? హాయిగా పోతున్నాడు. అంటే అతనికి సమస్య లేదు. సమస్యే లేనివాడికి దారెందుకు?"

చప్పట్లు మిన్నుముట్టాయి. తీర్మానం రాత్రి తొమ్మిదింటికి నెగ్గింది. పది గంటలకు రోడ్డు మీద యంత్రాలు దిగాయి. ఒక గుంత పూడ్చడానికి ఏడాది ఆలోచించే శాఖ తెల్లారేసరికి అంచురాళ్లు పెకలించి, రంగు మీద తారు పోసేసింది. అంతవరకూ రెండు వరుసల్లో ఆగే కార్లు ఆ ఉదయం మూడు వరుసల్లో ఆగాయి. ఆగు సామర్థ్యం యాభై శాతం పెరిగిందని ప్రకటన వెలువడింది.

ఏడున్నరైంది. ఎనిమిదైంది. అధ్యక్షులవారు చొక్కా పైకెత్తుకుని కూర్చునే ఉన్నారు.

"రాలేదేం అక్కా?"

"రద్దీ తగ్గించావుగా తమ్ముడూ, ఖాళీ రోడ్డు చూసి బెదిరిపోయిందేమో" అంటూ అక్కయ్య గుడ్డు మీద మూత పెట్టింది.

నర్సమ్మ తొమ్మిదీ పదికి వచ్చింది, చెమటలు కక్కుతూ.

"సైకిలేదమ్మాయ్?"

"ఇంట్లో ఉంది బాబాయ్‌గారూ. కార్ల మధ్య దూరే ధైర్యం నాకు లేదు. బస్సెక్కాను. అది కదిలితేగా, దిగి నడిచొచ్చాను. నిన్న మీరు భలే మాట్లాడారు."

"నువ్వూ వచ్చావా?"

"అయిదింటికే వచ్చాను. అటు చూడండి, పిట్ట."

వారం గడిచింది. ఫలహారం తొమ్మిదిన్నరకు, ఒకరోజు పదింటికి. కళ్లు చీకట్లు కమ్ముతున్నాయని అధ్యక్షులవారు కారులో తానే ఆసుపత్రికి బయల్దేరి, వీధి చివరి దాకా వెళ్లి, గంట తర్వాత కారు అక్కడే వదిలి నడిచి ఇంటికొచ్చారు. ఎనిమిదో రోజున నర్సమ్మ తలొంచుకుని చెప్పింది.

"తొమ్మిదిళ్లూ నావల్ల కావడం లేదు. నాలుగు మానుకుంటున్నాను. మీ ఇల్లు దూరం బాబాయ్‌గారూ. ఇంకెవరినైనా చూసుకోండి."

ఆ ఉదయం ఆయన కిటికీ వైపు చూస్తూనే ఉండిపోయారు. సూది ఎప్పుడు దిగిందో కూడా తెలియలేదు.

మహాపురుషుల గొప్పతనం పరిష్కారం కనిపెట్టడంలో ఉంది. వారం తిరక్కుండా రెండో సభ జరిగింది. పెద్దరోడ్డు అంచున నర్సుల కోసం ఒక సన్నని దారి వేయాలని అధ్యక్షులవారు ప్రతిపాదించారు. ఇంతటి దూరదృష్టి ఎక్కడా చూడలేదని వక్తలు కొనియాడారు. ఒక పంతులమ్మ లేచి, తానూ బడికి వేళకు చేరాలని గుర్తుచేసింది. ఆమెను చేర్చారు. ఇంటింటికీ రొట్టెలు వేసేవాడిని చేర్చారు, రోడ్లూడ్చేవాళ్లను చేర్చారు. చివరికి పని ఉండి, కారు లేని వారందరికీ అని రాసుకున్నారు. వెడల్పు ఎంతుండాలో ఇంజనీరుగారు లోతుగా అధ్యయనం చేసి, పాత ఫైలు దుమ్ము దులిపి, అయిదడుగులన్నారు. గోదాములో మిగిలిన రంగు ఆకుపచ్చది. చప్పట్లు మళ్లీ మిన్నుముట్టాయి. మొదటి సభలో కొట్టిన చేతులే ఇవీ. మూడో వరుసలో కూర్చుని మనం కూడా అరచేతులు ఎర్రబడేలా కొట్టాం.

దారి ప్రారంభోత్సవం ఒక సాయంత్రం ఘనంగా ముగిసింది. రేపటి నుంచి ఏడున్నరకే వస్తానని నర్సమ్మ మాటిచ్చింది. తొమ్మిదిళ్లూ మళ్లీ ఒప్పుకుంది. అధ్యక్షులవారు జ్ఞాపిక ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి, అభినందించడానికి వచ్చినవారి కార్లు ఆవరణ నిండా ఉన్నాయి. ఆయన అటూ ఇటూ చూసి, తన కారును పచ్చగా మెరుస్తున్న కొత్త దారిలో ఆపారు.

"పొద్దున్నే ఆ పిల్ల ఎలా వస్తుందిరా?" అని అక్కయ్య లోపల్నుంచి అడిగింది.

"ఒక్క కారే కదక్కా. తప్పుకుని రాదూ?"

అంటూ ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఆయన కారు వెనకే కారు ఆపి, సరిగ్గా అదే మాట అనుకుంటూ దిగుతున్న మనం కనిపించాం. మర్యాదగా తలూపి, లోపలికెళ్లి, అక్కయ్యకు కూడా వినబడనంత మెల్లగా తలుపేసుకున్నారు.