నాలుగు ముడుల దుప్పట్లు

ఆ పొద్దున గంజిగారి పథకం చాలా చిన్నది. సాయంత్రం హోటలు మేనేజరు మేడమ్ వచ్చేలోపు లాండ్రీ వెనకగదిలో పేరుకున్న పాత గుడ్డల గుట్టను సంచులుగా మార్చేయాలి, అంతే. మార్చి, వాటిలో మంచిదొకటి మేడమ్ చేతిలో పెట్టి, "చూశారా, మా దగ్గర దారప్పోగు కూడా చెత్తబండి ఎక్కదు" అనాలి. ఆ ముక్కను ఆయన అద్దం ముందు అప్పటికే చాలాసార్లు అనుకుని చూసుకున్నారు.

లాండ్రీ పెట్టిన కొత్తలో తన చొక్కాకు తానే గంజి పట్టించుకుని, మెడ తిప్పలేక రోజంతా ఒకే వైపు చూస్తూ తిరిగినప్పటి నుంచి ఆయన గంజిగారయ్యారు. చిరిగిన దుప్పట్లనూ, పీచు తేలిన తువ్వాళ్లనూ చెత్తలో వేయడం ఆయన చూడలేరు. తుడుపుగుడ్డలు చేయిస్తారు, సంచులు కుట్టిస్తారు, ఏదీ కాకపోతే దిండ్లలో కూరిస్తారు. ఆయన ఇంట్లో దిండు మీద తల పెట్టిన చుట్టాలెవరూ రెండో రాత్రి ఉండరు.

ఆ సాయంత్రం మాత్రం సరదా వ్యవహారం కాదు. లాండ్రీకి వచ్చే బట్టల్లో సగానికి పైగా ఆ హోటలువే. ఒప్పందం గడువు దగ్గరపడింది. దాన్ని కొనసాగించాలా, కొత్తగా వెలిసిన పెద్ద లాండ్రీకి ఇచ్చేయాలా అన్నది మేడమ్ నోటి మాట మీద ఉంది. ఆ మాట అటు పడిందంటే ఇక్కడ మెషిన్లు ఆగిపోతాయి, వాటితో పాటు పనివాళ్ల ఇళ్లలో పొయ్యిలూ ఆగిపోతాయి.

గంజిగారి లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. చిరిగిందో, మరక వదలనిదో ఎవరి కంట పడినా, దాని మూలకు ఒక ముడి వేస్తారు. ముడి ఉన్నవాటిని విడిగా ఉతికి, ఆరేసి, కుట్టుబల్ల దగ్గర పడేస్తారు. కుట్టుబల్ల గంజిగారి అక్కగారిది. అందరూ ఆవిడను కత్తెరక్క అంటారు. ఆవిడ చేతికి కత్తెరిచ్చి పక్కకు తిరిగితే మన చొక్కా చేతులు మనకు మిగులుతాయన్న భరోసా లేదు.

"అక్కా, ముడి ఉన్నదల్లా కోసెయ్. అన్నీ సంచులే. మధ్యాహ్నానికి అయిపోవాలి."

"ముడి ఉంటే కొయ్యాలి, లేకపోతే కొయ్యకూడదు. ఇంతోటిదానికి పొద్దున్నే ఉపన్యాసం ఎందుకురా?"

"మధ్యలో ఆగి ఆలోచించకు."

"ఎప్పుడాలోచించాను కనక!"

నిజమే. ఆవిడ కత్తెర కరకరలాడుతుంటే పక్కన ఇద్దరమ్మాయిలు కుట్టుమెషిన్ల మీద పరుగులు పెట్టారు. విచిత్రమేమిటంటే, సంచులు ఎన్ని తయారైనా గుట్ట తరగడం లేదు. వ్యాను నడిపే బావమరిది ఆరబెట్టే గది నుంచి గంపల మీద గంపలు మోసుకొస్తూనే ఉన్నాడు.

"బావా, హోటలు వాళ్లవి ముడులున్నవి బోలెడున్నాయి. అదీ ఒక్కోదానికి నాలుగు మూలలా నాలుగు ముడులు!"

గంజిగారు ఒక్క క్షణం అక్క వైపు చూశారు. అక్క కత్తెర ఆపకుండానే తేల్చేసింది. "ఒక ముడి వేస్తే పాడైపోయిందని. నాలుగు వేశారంటే మళ్లీ చూడను కూడా చూడొద్దని. ఇటు పడెయ్!"

ఆ తర్కం గంజిగారికి నచ్చింది. హోటలు వాళ్లు కూడా తన పద్ధతి నేర్చుకున్నారని మురిసిపోయారు. ఆ మురిపెంలోనే తయారైన సంచుల్లో కొన్నింటిని బావమరిదికిచ్చి, "వీధి చివర కూరగాయల అంగళ్లలో ఊరికే పంచిపెట్టు. మేడమ్ కారు అటే వస్తుంది, కళ్లారా చూస్తుంది" అన్నారు. వాడు పంచేసి ఈల వేసుకుంటూ వచ్చాడు.

గంజిగారి భార్య ఇస్త్రీ విభాగానికి పెద్ద. మడత సరిగా లేకపోతే మనిషినైనా విప్పి మళ్లీ మడతపెట్టే రకం. ఆవిడ ఒక సంచిని చేతిలోకి తీసుకుని, లోపలి వైపు తిరగేసి, కుట్టు పక్కన వేలితో రాసి చూసింది.

"ఏమండీ, ఈ సంచి వయసెంత?"

"ఇప్పుడే పుట్టింది. బాగుంది కదూ?"

"దీని దుప్పటి వయసెంత?"

ఆవిడ చూపించిన చోట కంపెనీ పట్టీ ఉంది. దాని మీద అక్షరాలు ఇంకా నిగనిగలాడుతున్నాయి. గంజిగారు ఇంకో సంచి తిరగేశారు. ఇంకోటి. ఇంకోటి. అవి హోటలు వాళ్లు కొత్తగా కొన్న దుప్పట్లు. గట్టిగా రెండు ఉతుకులు కూడా చూడలేదు.

"కొత్త దుప్పట్లకు ముడులెందుకేశారే?"

"నన్నడుగుతారేం? వేసినవాళ్లను అడగండి!"

"అడిగితే ఎందుకడుగుతున్నావంటారు! అయిపోయింది. అంతా అయిపోయింది. ఒప్పందం పోయింది, పరువు పోయింది. మెషిన్లమ్ముకుని నేను కూడా ఒక సంచి పట్టుకుని వెళ్లిపోతాను."

"ఏడవకండి. కోసింది కుట్టలేమా? వదినా, సంచులు విప్పండి. మళ్లీ దుప్పట్లు చేద్దాం."

కత్తెరక్క జీవితంలో మొదటిసారి కత్తెర కింద పెట్టింది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! కోసినదాన్ని కొయ్యకముందులా చెయ్యమన్నవాళ్లను నేనింతవరకు చూళ్లేదే అమ్మాయ్!"

"ఇప్పుడు చూశారుగా. కానివ్వండి."

ఇక పంచిపెట్టిన సంచులు వెనక్కి తేవాలి. గంజిగారూ, బావమరిదీ కూరగాయల అంగళ్ల మీదికి ఉరికారు. ఊరికే ఇమ్మంటే ఎవరిస్తారు? పక్క కొట్లో ప్లాస్టిక్ కవర్ల కట్టలు కొన్నారు. ప్లాస్టిక్ కవరు కనపడితే చాలు, ముట్టుకుంటే మైల అన్నట్టు తప్పుకునే గంజిగారు, ఆ వేళ దారిన పోయేవాళ్ల వెంటపడి, "అమ్మా, ఆ గుడ్డ సంచి మంచిది కాదు, ఈ ప్లాస్టిక్ కవరు తీసుకోండి" అని బతిమాలారు.

ఒక పెద్దావిడ అడ్డం తిరిగింది. "ఇందాక ఆ అబ్బాయి గుడ్డ సంచి వాడితే పుణ్యమన్నాడు. ఇప్పుడు నువ్వు ప్లాస్టిక్ వాడమంటున్నావు. మీలో ఎవరికి మతి పోయింది నాయనా?"

"నాకేనమ్మా. ఒప్పేసుకుంటున్నాను. సంచి ఇప్పించండి."

"ఇవ్వను. టమాటాలు నలిగిపోతాయి."

చివరికి ఆ టమాటాలను తన చొక్కా ఒడిలో పోసుకుని ఆవిడ ఇంటిదాకా మోసి, అక్కడ సంచి చేజిక్కించుకుని, చొక్కా నిండా ఎర్రమరకలతో గంజిగారు లాండ్రీకి పరుగెత్తుకొచ్చారు. తీరా చూస్తే పంచినవాటిలో సగమే దొరికాయి.

లోపల కుట్టుబల్ల దగ్గర కురుక్షేత్రం జరుగుతోంది. విప్పిన ముక్కల్లో ఏది ఏ దుప్పటిదో బ్రహ్మదేవుడికి కూడా తెలిసే స్థితి లేదు. తక్కువ పడినచోటల్లా నిజంగా పాతవైన నీలం చారల ముక్కలూ, గళ్ల ముక్కలూ వేసి అతుకుతున్నారు.

"తెల్లవి మధ్యలో వెయ్, రంగువి అంచులకు తొయ్!" అని కత్తెరక్క అరుస్తోంది. "కొలత చూసే తీరిక లేదు. పొడుగైతే అయింది కానీ పొట్టి కాకుండా చూడండే!"

"అక్కా, కుట్లు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయే!"

"దానికి నువ్వున్నావుగా. గంజి పెట్టు."

గంజిగారు పెట్టారు. కంగారులో ఒక చెయ్యి ఎక్కువే పడింది. ఇస్త్రీ మెషిన్‌లోంచి వచ్చిన మొదటి దుప్పటి మడత పడనంది. గోడకు ఆనిస్తే తలుపులా నిలబడింది. బావమరిది దాన్ని వేలితో కొట్టి చూశాడు. టక్కుమంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో కారు ఆగింది. మేడమ్ అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది.

మేడమ్ ముఖంలో నవ్వు లేదు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. మంచినీళ్లిస్తే వద్దంది. గంజిగారు అద్దం ముందు వల్లించిన ముక్క గొంతులోనే చచ్చిపోయింది. చొక్కా మీది టమాటా మరకలను ఆవిడ అదే పనిగా చూస్తుంటే, ఆయన రెండు చేతులూ కట్టుకుని దాచుకున్నారు.

"మా కొత్త దుప్పట్లు... అయ్యాయా?" అని మేడమ్ మెల్లగా అడిగింది.

"అయ్యాయి మేడమ్! అద్భుతంగా అయ్యాయి!" అంటూ గంజిగారి భార్య, అందరికంటే బుద్ధిగా మడతపడిన దుప్పటిని, తెల్లటి భాగమే పైకి కనిపించేలా పట్టుకొచ్చి ముందు పెట్టింది. మేడమ్ దాని కొసలు పట్టుకుని విప్పింది. చెక్కపలక విరిచిన చప్పుడుతో అది విచ్చుకుంది. విచ్చుకోగానే అంచు నుంచి రెండు పట్టీలు కిందికి వేలాడాయి. సంచులు విప్పే హడావిడిలో, చేత్తో పట్టుకునే పిడులను కోయడం మరిచిపోయారు.

"ఈ దుప్పటికి చెవులున్నాయేంటండీ?"

గంజిగారు నోరు తెరవబోతే భార్య ఆయన కాలు తొక్కింది.

"అవా మేడమ్... పరుపుకి కట్టుకోవడానికి. దుప్పటి జారకుండా!"

మేడమ్ చేతిసంచిలోంచి కొలత టేపు తీసింది. దుప్పటి పొడుగు కొలిచింది. మళ్లీ కొలిచింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఆ టేపు తన మెడకే బిగుసుకుంటున్నట్టనిపించింది గంజిగారికి. ఇక ఆయన వల్ల కాలేదు.

"తప్పయిపోయింది మేడమ్! కోసేశాం! ముడులు చూసి పాతవనుకున్నాం. సంచులు చేసేశాం, మళ్లీ విప్పి అతికేశాం. ఇందులో ఏ ముక్క ఎక్కడిదో మాకే తెలీదు. ఒప్పందం తీసేస్తే తీసెయ్యండి కానీ, మా పనివాళ్ల తప్పేం లేదు. ఆలోచించొద్దని చెప్పింది నేనే!"

మేడమ్ టేపు వదిలేసింది. "అన్నీ కోసేశారా?"

"అన్నీ."

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

"లేదు మేడమ్."

"నా ప్రాణం నిలబెట్టారండీ!" అంటూ ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయి, ఇందాక వద్దన్న మంచినీళ్లు గటగటా తాగేసింది.

ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. హోటలుకు కొత్తగా దళసరి పరుపులొచ్చాయి. మేడమ్ పాత పరుపుల కొలతకే దుప్పట్లు తెప్పించింది. వచ్చినవన్నీ జానెడు పొట్టి. గదులు సర్దే అమ్మాయిలు నాలుగు మూలలకూ ముడులు వేసి పరుపు కిందికి దోపినా, తెల్లారేసరికి అతిథులు దుప్పటి చుట్టుకుని నేల మీదుంటున్నారు. ఇది పైవాళ్లకు తెలిస్తే మేడమ్ ఉద్యోగం ఊడుతుంది.

"ఉతకడానికని మీకు పంపించి, గుట్టుగా ఎక్కడైనా పారేయించమని అడుగుదామని వచ్చాను. దారప్పోగు పారెయ్యనని చెప్పుకునే మనిషితో కొత్త దుప్పట్లు పారెయ్యమని ఎలా అనాలా అని దారంతా చచ్చిపోయాననుకోండి. తీరా చూస్తే ఇది మా పరుపుకు సరిగ్గా సరిపోతోంది! పైగా కట్టుకోడానికి చెవులు కూడా!"

"మధ్యలో కుట్లు మేడమ్..." అని గంజిగారు నసిగారు.

"పైన ఇంకో దుప్పటి కప్పుతాం. అడుగున ఏముందో ఎవరు చూస్తారు? జారకపోతే చాలు. కానీ ఈ గంజి మాత్రం వద్దండీ. మా అతిథులు పడుకోవాలి, బల్ల మీద భోంచెయ్యకూడదు."

కత్తెరక్క ఫక్కున నవ్వింది. దాంతో అందరూ నవ్వారు. గంజిగారి భార్య నవ్వుతూనే భర్త కాలి మీద నుంచి తన కాలు తీసింది.

"మరి... ఒప్పందం సంగతి?" గంజిగారు భయం భయంగా అడిగారు.

"ఈ ముచ్చట తెలిశాక మిమ్మల్ని వదిలి ఇంకో లాండ్రీకి వెళ్లగలనా చెప్పండి? మీ నోరు మీరు కట్టుకోవాలి, నా నోరు నేను కట్టుకోవాలి. రేపు మిగతా పొట్టివన్నీ పంపిస్తాను. వాటినీ ఇలాగే చేసి పెట్టండి."

కారు కదిలి వెళ్లిపోయాక కత్తెరక్క నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇలాగే అంటుందేమిట్రా! ఎలా చేశామో ఎవరికి గుర్తుంది?" అంది.

మర్నాడు పొట్టి దుప్పట్ల బండి దిగేసరికి వెనకగదిలో అతుకు వేయడానికి పనికొచ్చే పాత గుడ్డ పీలిక కూడా మిగల్లేదు. గంజిగారు బజారుకెళ్లి, నిక్షేపంలాంటి కొత్త గుడ్డ తాను ఒకటి కొనుక్కొచ్చి, ముక్కలు చేయమని అక్క చేతిలో పెట్టారు.