మా కారులో ఎర్ర దీపం

"ఎలగతన్నాది" అంటుంది మా అత్త.

"ఎలగాలి. ఎలగడానికే పెట్టినారు" అంటారు మా ఆయన.

"ఎప్పుడూ ఎలగాలా, ఎప్పుడేనా ఎలగాలా?" అంటాను నేను.

"కారు నువ్వు తోలతన్నావా, నాను తోలతన్నానా?" అంటారాయన.

మూడు నెలలుగా మా ఇంట్లో ఈ తగువు రోజూ సాగుతోంది. కారు మాత్రం ఏ రోజూ అంత దూరం సాగలేదు.

అయినా సరే, నా మాట నమ్మండి. సంసారమన్నాక ఇంటికో పాత కారుండాలి! కొత్త కార్లు కొనుక్కునేవాళ్ళని చూస్తే నాకు జాలి. బయల్దేరతారు, చేరతారు. అంతే కదా? మధ్యలో వాళ్ళకి జరిగిందేమిటి? చెప్పుకోడానికి మిగిలిందేమిటి?

మా కారుకి మేము నాలుగో యజమానులం. మాకు ముందు అది ఒక టూరింగ్ సినిమా వాళ్ళ దగ్గర ఊరూరా ప్రచారం చేసింది. మైకు బిగించిన బోల్టుల రంధ్రాలు నాలుగు, ఇంకా పైకప్పుకి ఉన్నాయి. వాన పడితే నలుగురి నెత్తి మీదా పక్షపాతం లేకుండా కారుతుంది. ఏ ఊరు వెళ్ళినా పిల్లలు వెంటబడి రంగు కాగితాలడుగుతారు. మా ఆయన చెయ్యి బయటపెట్టి ఊపుతారు. అదంతా తన మీద గౌరవమని ఆయన నమ్మకం. పదెకరాల వరి పండించినా ఇంత గౌరవం ఎన్నడూ దొరకలేదు పాపం!

పోతే, ఎర్ర దీపం. స్టీరింగు వెనక శనగగింజంత ఉంటుంది. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. ఆరకపోతే బ్యాటరీకి కరెంటు ఎక్కడం లేదన్నమాట. ముందుగా ఫ్యాను బెల్టు వదులైందేమో బొటనవేలితో నొక్కి చూసుకోవాలి.

ఇదంతా నాకెలా తెలుసంటారా? కారుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా చిన్నతల్లి కూడబలుక్కుంటూ చదివి వాళ్ళ నాన్నకి అర్థం చెప్పింది. ఆడపిల్ల చదివి చెప్పింది గనక అది కారుకి సంబంధించిన సంగతి కాదని ఆయన తేల్చేశారు.

ఇంతకీ పాత కారు వల్ల లాభాలు చెబుతున్నాను. మొదటిది ఐకమత్యం. నేనూ, చిన్నతల్లీ, మా మరిది చినబాబూ ఒకే పూట ఒకే దిక్కుకి చూడడం అంతకు ముందు మా ఇంట్లో జరగలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం ముగ్గురం వెనక చేరి, ఒక్క ఊపిరిగా తోస్తాం. రెండోది లోకజ్ఞానం. ఇంజనుకి దాహమెక్కువ. నరసన్నపేట నుంచి రణస్థలం దాకా ఏ నూతి నీళ్ళు తీపి, ఏ నూతి గిలక కిర్రుమంటుంది, ఏ ఇల్లాలు చేద అడిగితే మొహం మాడ్చుకుంటుంది, నన్నడగండి. చదువుకుంటే వస్తుందా ఈ జ్ఞానం?

మూడోది పరువు. కారు లేని ఆ దరిద్రపు రోజుల్లో మేము బస్సెక్కేవాళ్ళం. శ్రీకాకుళంలో పనుంటే శ్రీకాకుళంలోనే దిగేవాళ్ళం. ఇప్పుడలా కాదు. కారున్నవాళ్ళం. ఎక్కడికీ వెళ్ళనవసరం లేదు!

మా అత్త గురమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు. ఆశ్వయుజంలో శ్రీకాకుళం డాక్టరుగారు చూసి, ఆపరేషనుకి విశాఖపట్నం తీసుకెళ్ళమని చీటీ రాసిచ్చారు. కార్తీకం దాటితే తన పూచీ లేదన్నారు. ఇప్పుడు మాఘం.

వెళ్ళలేదనకండి. కార్తీకంలో బయల్దేరాం. చూపు ఆనని మనిషని ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఎచ్చెర్ల దాటాక ఆవిడే అంది: "నరసింగా, ఎర్రగా ఏటో మండతన్నాది."

"నీకు కళ్ళవుపడవు గదే అమ్మా. ఊరుకో."

ఊరుకుంది. మరో మూడు మైళ్ళకి ముందునుంచి ఆవిరి లేచి రోడ్డు కనబడ్డం మానేసింది. విశాఖపట్నం బస్సు మమ్మల్ని దాటుకుంటూ పోయింది. అందులోంచి మా వీధి లక్ష్మణమ్మ చెయ్యి ఊపింది. మా కారుని ఎడ్లబండి వెనక కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

మార్గశిరంలో మళ్ళీ బయల్దేరితే బెల్టే తెగింది. నా పాత చీర చెంగు చింపి, మెలేసి, బెల్టు బదులు కట్టారు. ఇల్లు చేరాం. చీర నాది, తెలివి ఆయనది. కొత్త బెల్టు తెప్పిస్తానన్నారు గాని, చీర తిరుగుతూ ఉండగా బెల్టెందుకని మానుకున్నారు. ఎర్ర దీపం ఆరడం కూడా మానుకుంది.

"అత్తని బస్సులో తీసుకెళ్ళిపోదారి" అన్నాను.

"గుమ్మంలో కారెట్టుకుని మాయమ్మని బస్సులో తిప్పితే ఊరోళ్ళు ఏటనుకుంటారు?"

నిజమే కదా! కళ్ళు పోతే ఒక్క మనిషికి పోతాయి. పరువు పోతే ఇంటిల్లిపాదికీ పోతుంది.

బండి ఆరోగ్యం చెడకూడదని మా ఆయన రోజూ సాయంత్రం దాన్ని పెద్ద రోడ్డు దాకా తిప్పి తెస్తారు. పక్కన మా అత్త కూర్చుంటుంది. ఆమెకి అదే షికారు. మనుషుల మొహాలు మసక మసకే గాని, ఆ ఎర్ర చుక్క మాత్రం దాసాని పువ్వంత, అంటే మందారమంత, కనబడేదట. దిగి వచ్చి, "ఇయ్యేళ కూడా అవుపడినాది" అని తృప్తిగా చెప్పేది. ఆవిడకదే కంటి పరీక్ష.

పోయిన వారం జగన్నాధం మేస్త్రిని పిలిపించారు. సాలూరు లారీ షెడ్లలో ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషి. ఏ ఇంజను జబ్బయినా చెవితోనే పట్టేస్తాడని పేరు. ఆ పూట నేను వంటింట్లో ఉన్నాను. మేస్త్రి వచ్చాడు, టీ తాగాడు, పావుగంటలో వెళ్ళిపోయాడు. మా ఆయన ఈల వేసుకుంటూ లోపలికొచ్చారు. బాగయిందని గాని, బాగవలేదని గాని అనలేదు. బాగయిందనాలంటే ముందు చెడిందని ఒప్పుకోవాలి కదా!

ఆ సాయంత్రం ఒక్కసారి తిరిగొచ్చిందే, మర్నాటి నుంచి మా అత్త షికారుకి వెళ్ళడం మానేసింది. చేటలో బియ్యం తడిమి రాళ్ళేరే మనిషి, చేట ముట్టుకోలేదు. గోడ పట్టుకుని నడవసాగింది. నాలుగో రోజు నేను తలకి నూనె రాస్తుంటే మెల్లగా అంది:

"అమ్మీ, ఓ మాట సెప్తాను, నా కొడుక్కి సెప్పకు. ఎర్ర దీపం అవుపడ్డం మానేసినాది."

లేచి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నాను అవుపడతన్నానా అత్తా?"

"నువ్వెప్పుడూ మసకేలే" అని నవ్వింది. తరవాత, "ఇంక డాట్రు కాడికెల్లి ఏటి పెయోజనం? ఆడి బండి బాగుసేయించుకోమను" అంది.

మర్నాడు బట్టలు నానబెడుతూ మా ఆయన చొక్కా జేబు వెతికితే, బీడీ కట్ట కాగితంలో చుట్టిన చిన్న గాజు బల్బు దొరికింది. చిన్నతల్లి పుస్తకం తెచ్చి బొమ్మ పక్కన పెట్టి చూసింది. అదే. ఎర్ర అద్దం వెనక ఉండవలసిన బల్బు.

అదీ మేస్త్రి చేసిన మరమ్మతు! బెల్టు బదులు చీర పీలిక అలాగే ఉంది. బ్యాటరీ అలాగే ఉంది. చెడిందని చెప్పేదాన్ని మాత్రం పీకేశారు. నేనెందుకు ఆశ్చర్యపోవాలి? మా ఇంట్లో నేనేదైనా చెడిందన్నప్పుడల్లా పదిహేడేళ్ళుగా జరుగుతున్న మరమ్మతూ ఇదే.

ఆ పూట అందరూ భోజనాలకి కూర్చున్నాక బల్బు తెచ్చి మా అత్త అరచేతిలో పెట్టాను.

"ఏటిది?"

"ఎర్ర దీపం, అత్తా. నీ కొడుకు జేబులో ఉన్నాది."

మా ఆయన పెరుగన్నంలో మెతుకులు లెక్కపెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నారు. "ఊరికే బయపెడతన్నాదని తీయించినాను" అన్నారు.

"మరి మామ్మ నాలుగు రోజులై గోడట్టుకుని నడస్తన్నాది, సూసినావా నాన్నా?" అంది చిన్నతల్లి. ఆయన చూడలేదు. ఆయనకి కళ్ళు బాగానే ఉన్నాయి.

మా అత్త బల్బుని వేళ్ళ మధ్య తిప్పింది. లాంతరుకి ఎదురుగా ఎత్తి చూసింది. ఎడమచేత్తో దాన్ని చెంగున ముడేసుకుని, మిగిలిన అన్నం మెతుకు లేకుండా తింది. చెయ్యి కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుంది. అప్పుడు, రేపటికి పప్పు నానబెట్టమని చెప్పేంత మామూలుగా చెప్పింది:

"రేపు తొలి బస్సుకి నానూ కోడలూ ఇశాపట్నం ఎల్తన్నాం. చినబాబూ, నువ్వు మూట మోసుకుని బస్సు కాడికి రా. చిన్నతల్లీ, ఆ పొత్తకం మీ నాన్నకి మొదట్నుంచి సదివి ఇనిపించు. నరసింగా, బండి కన్ను నువ్వు తీయించినావు. నా కళ్ళు నాను బాగుసేయించుకుని వస్తాను. వచ్చినాక ఈ బలుబు నీకిస్తాను. నా ఎదురుగా పెట్టు, ఎలగతన్నాదో లేదో నాను సూసి సెప్తాను."