రెండు వందల గింజలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న ప్లాను చిన్నదే. ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసుకోవాలి, పదింటికల్లా ల్యాబ్‌లో గైడ్ ముందు పెట్టాలి. అందులో రెండు వందల ఈగ ప్యూపాలున్నాయి. పురుగు ఈగగా మారేముందు గట్టి పెంకులో ముడుచుకుని ఉండే దశ అది. చల్లగా ఉంచితే ఆ మార్పు కాస్త ఆలస్యమవుతుంది. కిందటిసారి గాజు పళ్లెంలో పెట్టినవాటిలో సగమే ఈగలయ్యాయి. ఈసారీ అంతే అయితే మూడేళ్ల పరిశోధన అటకెక్కినట్టేనని గైడ్ చెప్పేసింది.

డబ్బా తెరిస్తే ఖాళీ.

"మామయ్యా, ఇందులో ఉన్నవి చూశారా?"

"విత్తనాలేగా? ఐదు రోజుల క్రితమే తొట్టిలో నాటేశానమ్మా. ఫ్రిజ్‌లో ఉంచితే పాడైపోవూ?" అన్నాడు, రిటైరయ్యాక బాల్కనీనే ఆఫీసు చేసుకున్న మామగారు.

తప్పు ఆయనది కాదు. అత్తగారు "ఏమిటీ గింజలు?" అని అడిగితే, ఈగలంటే ఇల్లు పీకి పందిరేస్తుందని భయపడి, "విత్తనాలు అత్తయ్యా" అనేసింది తనే.

కోడలు బాల్కనీలోకి పరుగెత్తింది. పిచ్చుకలు రాకుండా తొట్టిమీద మామగారు కట్టిన దోమతెర లోపల ఈగలు జుమ్మంటున్నాయి.

"మొలకైనా రాకముందే ఈగలు పట్టాయి. జరుగమ్మా, మందు కొడతా."

కోడలు పిచికారీ లాక్కుంది. ఇంతలో అత్తగారు మరుగుతున్న నీళ్లతో వచ్చింది.

"పొయ్యకండి అత్తయ్యా, అవి నా ఈగలు," అంటూ కోడలు తొట్టిని వాటేసుకుంది.

అత్తగారు గిన్నె దించి కొడుక్కి ఫోన్ చేసింది. "నీ పెళ్లానికి ఏదో అయిందిరా. ఈగల్ని పట్టుకుని నావంటోంది." కొడుకు హడలిపోయి గైడ్‌కి ఫోన్ చేశాడు. "మేడమ్, చదువెక్కువై మా ఆవిడ అదోలా అయిపోయిందట. ఒక్కసారి ఇంటికెళ్లి చూడరూ?"

అరగంటలో గైడ్ గుమ్మంలో ఉంది. కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. జరిగింది దాచకుండా చెప్పేసింది. గైడ్ చీర కుచ్చిళ్లు ఎగదోపి, మట్టి తిరగేసి, ఖాళీ పెంకులు ఏరి లెక్కపెట్టింది.

"నూట తొంభై ఆరు," అంది చివరికి. "బయట ఈ పురుగులు మట్టిలోకి దూరాకే ప్యూపాలవుతాయని క్లాసులో చెప్పేదాన్ని నేనే. ల్యాబ్‌లో పొడి పళ్లెంలో ఎండబెట్టిందీ నేనే. అయ్యా, ఎంత లోతున నాటారు? నీళ్లెన్నిసార్లు చల్లారు?"

మామగారు చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకుంది. కోడలికి సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి. పరిశోధనాపత్రంలో మీ పేరు కూడా వేస్తామని గైడ్ అన్నా మామగారి ముఖం విప్పారలేదు.

"అదంతా సరేగానీ, ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. ఈసారి మంచి కొట్లో కొనమ్మా."