కథానాయిక అప్పగింతలు

1974 మే నెలలో రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఘోర నేరం జరిగింది. నేరస్థురాలి పేరు భ్రమరాంబ. వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసే సత్తిరాజు భార్య. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన మనిషి. చేపల పులుసు బాగా చేస్తుందని పేరుంది. అంతకు ముందు చెడ్డ అలవాట్లేవీ లేవు.

నేరానికి దారితీసిన పరిస్థితులు ఇవి. కాలనీలోని తెలుగు ఆడవాళ్లందరూ ఒక వారపత్రికలో గురునాథం గారి సీరియల్ చదివేవారు. గురునాథం గారు విజయవాడలో ఉండే మహారచయిత. సీరియల్ పేరు గానీ, కథానాయిక పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. అవి ఆయన సొత్తు, మాకు పిల్లలున్నారు. ఆఖరుగా అందిన సంచికలో అత్తగారు నాయికను ఇంట్లోంచి గెంటేసింది. భర్త గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు. నాయిక ట్రంకుపెట్టెతో, జోరువానలో, స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ముగింపు వచ్చేవారం అన్నారు. మర్నాడు దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. రైళ్లు ఆగాయి, పత్రిక ఆగింది. రాయ్‌పూర్‌లో నలభై నాలుగు డిగ్రీల ఎండ; నాయిక మాత్రం వానలో తడుస్తూనే ఉంది.

రెండు వారాలు గడిచాక పక్క క్వార్టరు పైడమ్మ ఆగలేకపోయింది.

"ఏటే బమరాంబా, ఆ పిల్ల ఇంకా వానలోనే ఉన్నాది. నాకు ముద్ద దిగట్లేదు. నువ్వు ఎనిమిదో క్లాసు సదివినావు కదా, ఏదో ఒకటి సెయ్యి" అంది.

భ్రమరాంబ చేసింది. నలభై పేజీల నోటుబుక్కు తీసి, నాయికను రైలెక్కించింది. రైళ్లు లేని రోజుల్లో ఇది మొదటి అక్రమం. రాయ్‌పూర్‌లో దింపి, టైపు నేర్పించి, ఒక ఆఫీసులో ఉద్యోగం వేయించింది. మొదటి జీతంతో పండరీ బట్టల బజారులో రెండు నేత చీరలు కొనిపించింది. ఆర్నెల్లకు భర్త వెతుక్కుంటూ వస్తే, నాయిక మంచినీళ్లిచ్చి, తిరుగు రైలు టైము చెప్పింది. అంతే కథ. నోటుబుక్కు ఇరవై రెండు క్వార్టర్లు తిరిగి, పసుపు మరకలతో, పోపు వాసనతో ఇల్లు చేరింది. ఆ వారం కాలనీలో అందరికీ ముద్ద దిగింది.

సమ్మె ముగిసి పత్రికల కట్ట వచ్చింది. అందులో నాయిక తిరిగి అత్తింటికి వెళ్లి, అత్తగారి కాళ్లు కడిగి, జ్వరం తెచ్చుకుని, భర్త ఒడిలో చిరునవ్వుతో ప్రాణం విడిచింది. ఆడవాళ్లు చదివి, సమావేశమై, ఇది అచ్చుతప్పని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"ఛాపాఖానా వోళ్ల గల్తీ. పాపం, ఆ పెద్దాయనకి తెలీదేమో" అంది పైడమ్మ. మళ్లీ చదువుకుంటానని నోటుబుక్కు అడిగి తీసుకుని, భ్రమరాంబతో మాటైనా చెప్పకుండా, ఆవిడ పేరుతోనే గురునాథం గారికి రిజిస్టరు పోస్టులో పంపింది. 'మీ కథ చివర తప్పు పడింది. సరైనది పంపుతున్నాం' అని చీటీ కూడా పెట్టింది. ఉపకారబుద్ధి అంటే అదీ.

జవాబు వకీలు ద్వారా వచ్చింది. 'కాపీరైటు చట్టం 1957ను అతిక్రమించి, మా క్లయింటుకు చెందిన నాయికను ఆయన అనుమతి లేకుండా రైలెక్కించి, పరాయి రాష్ట్రానికి తరలించి, ఉద్యోగంలో పెట్టి, ఆయన నిర్ణయించిన మరణం నుంచి అక్రమంగా తప్పించినందుకు మీరు పదిహేను రోజుల్లోగా క్షమాపణ చెప్పవలెను.'

సత్తిరాజు నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సమ్మెకి దిగినందుకు చార్జిషీటు రాలేదని సంతోషిస్తన్నాను. నీ కథకి నా నౌకరీ పోయేటట్టున్నాదే" అన్నాడు. భ్రమరాంబ ఆ రోజు పులుసులో ఉప్పు వేయడం మరిచిపోయింది.

తెలుగు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కార్యదర్శి కొండలరావు గారు ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. జన్మలో ఒక్క కథా రాయలేదు గనక సాహిత్యం గురించి నిష్పాక్షికంగా మాట్లాడగలరు.

"మహాశయులారా! పాత్రకు రచయితే తండ్రి. కన్నవాడు కాటికి పంపుతుంటే అడ్డుకోవడానికి పక్కింటివాళ్లెవరు? నేడు నాయికను ఉద్యోగంలో పెట్టారు. రేపు అత్తగారిని మంచిదాన్ని చేస్తారు. ఎల్లుండి తెలుగు సాహిత్యం ఏం కావాలి?"

చప్పట్లు మోగాయి. భ్రమరాంబ లేచి నిలబడింది.

"ఆయమ్మ బతికితే ఎవలికి నష్టమండీ?"

"చట్టంలో ఆ ప్రశ్న లేదమ్మా" అన్నారు కొండలరావు గారు, దయగా.

క్షమాపణ పత్రం ఆవిడే రాసింది. 'అయ్యా, మీ అమ్మాయిని మీకు అప్పగిస్తున్నాను. ఒంట్లో కులాసాగా ఉంది. జ్వరం లేదు. ఆఫీసులో పది రోజుల సెలవు మిగిలింది; చంపేలోగా వాడుకోనివ్వండి.' సంఘం ఆఖరి వాక్యం కొట్టేయించి, ముద్ర వేసి పంపింది. నోటుబుక్కు మాత్రం సాక్ష్యంగా గురునాథం గారి దగ్గరే ఉండిపోయింది.

మరుసటి ఏడాది సీరియల్ పుస్తకంగా వెలువడింది, 'రచయిత పునరాలోచించి రాసిన నూతన ముగింపుతో'. అందులో నాయిక రైలెక్కి, హైదరాబాదులో దిగి, టైపు నేర్చుకుంది. ఊరు మార్చిన గురునాథం గారు తొందరలో బజారు పేరు మార్చడం మరిచారు. దాంతో నాయిక హైదరాబాదులో కాపురముండి పండరీలో చీరలు కొంది. విమర్శకులు దీని మీద వ్యాసాలు రాశారు. ఇది బజారు కాదనీ, పండరిపురమనీ, చీర భక్తికి ప్రతీక అనీ, స్త్రీ విముక్తికి పాండురంగడే దిక్కని రచయిత గూఢంగా సూచించారనీ తేల్చారు.

తెలుగు సంఘం గురునాథం గారిని రాయ్‌పూర్ రప్పించి శాలువా కప్పింది. "ఆడదాని మనసు లోతు ఈయనకు తెలిసినట్టు ఆడవాళ్లకైనా తెలియదు" అని కొండలరావు గారు కళ్లొత్తుకున్నారు. ఆ ముగింపు తనకు కృష్ణ ఒడ్డున ఒక తెల్లవారుజామున ఎలా తోచిందో గురునాథం గారు ముప్పావుగంట వివరించారు.

భ్రమరాంబ ఆఖరి వరసలో కూర్చుంది. పక్కన పైడమ్మ పుస్తకం చివరి పేజీ చదువుతూ కొంగు తడిసేలా ఏడుస్తోంది. భ్రమరాంబ వంగి చూసింది. ఆ పేజీలో ఒక్క కామా కూడా మారలేదు.

"అప్పా, ఇది నాను రాసిందే కదేటి?" అంది మెల్లగా.

పైడమ్మ ముక్కు చీదుకుని ఆమె వైపు జాలిగా చూసింది.

"మాటలు నువ్వు రాసినవే కావొచ్చునే. నువ్వు రాస్తే ఏడుపొచ్చినాదేటి? ఆయన రాస్తే వొచ్చింది సూడు. అదీ తేడా!"

అని, పుస్తకం భ్రమరాంబ ఒళ్లో పెట్టింది.

"తీసికెళ్లి సదువు. నేర్సుకో."